తీర్మానం నుండి చట్టం వరకు: డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి శాసనసభా జీవితం

శాసనసభ్యుడు అనగానే సాధారణ పౌరునికి ఎన్నికల ప్రచారం, ఓటు, పదవి, ప్రారంభోత్సవపు శిలాఫలకం గుర్తుకు వస్తాయి. సభ లోపల ఆ సభ్యుడు చేయవలసిన అసలు పని మన కంటికి అంతగా కనబడదు. ఒక దుఃఖం సభలో మాటగా మారాలి. ఆ మాట తీర్మానం కావాలి. తీర్మానం బిల్లుగా, బిల్లు చట్టంగా రూపొందాలి. ఆ చట్టం చివరకు ఎవరి కోసం పుట్టిందో వారి ఇంటి గడప దాకా చేరాలి. ఈ దారిలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా మొదటి దుఃఖం అట్లాగే మిగిలిపోతుంది.

ఈ దారిని అర్థం చేసుకొనడానికి మన నగరంలోనే జీవించిన ఒక సభ్యురాలి చరిత్రను ఈ పాఠంలో చదువుదాం. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మదరాసు శాసన మండలిలో ఉన్నది సుమారు మూడున్నర సంవత్సరాలు మాత్రమే. ఆమె ఎన్నికలలో గెలిచి వచ్చినవారు కారు. ప్రభుత్వం నియమించిన సభ్యురాలు. ఆమె వెనుక సంఖ్యాబలం గల పక్షమేదీ లేదు. ఆమె తలపెట్టిన ప్రధాన శాసనం ఆమె సభలో ఉండగా పూర్తి కాలేదు. ఇన్ని పరిమితుల నడుమ ఆమె ఏమి చేయగలిగారు, ఏది చేయలేకపోయారు అన్నదే ఈ పాఠ్యవిషయం. నాటి మదరాసు రాజధానిలో కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా చేరి ఉన్నాయి కనుక, ఈ చరిత్ర తమిళుల చరిత్ర ఎంతో తెలుగువారి చరిత్ర కూడా అంతే.

1. పుట్టుక, చదువు

ముత్తులక్ష్మి 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాలలో ప్రధానాచార్యులు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ సంప్రదాయం గల కుటుంబంలో పుట్టిన స్త్రీ. తండ్రి కులం ఒకటి, తల్లి పుట్టుక మరొకటి కావడం వలన సమాజం ఆ ఇంటిని చూసే చూపులో ఉన్న భేదం ఆమెకు చిన్ననాడే తెలిసింది. ఆమె తరువాత సభలో మాట్లాడిన విషయం పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదని గుర్తుంచుకోవాలి.

ఆ కాలంలో ఆడపిల్ల యుక్తవయస్సు రాగానే బడి మానుకోవలసి వచ్చేది. ముత్తులక్ష్మి ఇంటివద్దనే చదివి ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అప్పటివరకు మగపిల్లలు మాత్రమే చదువుతున్న మహారాజా కళాశాలలో ఆమె చేరడానికి కొందరు అభ్యంతరం చెప్పినా, మహారాజు మార్తాండ భైరవ తొండైమాన్ అనుమతించారు. అక్కడినుండి 1907లో మదరాసు వైద్య కళాశాలలో చేరి 1912లో పట్టం పొందారు. చదువులో అనేక బహుమతులు గెలుచుకొన్నారు. తరువాత ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీ శిశు వైద్యశాలలో పనిచేశారు.

1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడారు. కులాంతరమైన ఈ వివాహం 1872 నాటి వివాహ చట్టం క్రింద జరిగింది. తనను సమానురాలిగా చూడాలని, తన పనికి అడ్డు రాకూడదని ఆమె ముందే కోరి, అందుకు ఆయన అంగీకారం పొందారు. 1925లో ఉన్నత వైద్య శిక్షణకై ఇంగ్లండు వెళ్లారు. మరుసటి సంవత్సరం పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభలో పాల్గొన్నారు.

2. సభలో ప్రవేశం

1919 నాటి భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ పాలనను ప్రవేశపెట్టింది. అనగా, శాంతిభద్రతలు, ఆదాయం వంటి విషయాలు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుల చేతిలో ఉండేవి. విద్య, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన వంటివి సభకు జవాబుదారులైన మంత్రుల చేతికి వచ్చాయి. స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయా రాష్ట్రసభల నిర్ణయానికి వదిలారు. మదరాసు శాసన మండలి 1921లోనే స్త్రీలు అన్న కారణంగా ఓటు నిరాకరించరాదని నిర్ణయించింది. ఆస్తి, పన్ను సంబంధమైన అర్హతలు ఉన్నందున నిజానికి ఓటు వచ్చిన స్త్రీలు చాలా కొద్దిమంది. సభ్యులుగా నిలబడే హక్కు 1926లో వచ్చింది.

ఆ సంవత్సరపు ఎన్నికలలో కమలాదేవి చటోపాధ్యాయ మంగళూరు నుండి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. స్త్రీ సభ్యురాలు ఒకరైనా ఉండాలని అడయారులోని భారత మహిళా సంఘం కోరింది. ప్రభుత్వం ముత్తులక్ష్మి రెడ్డిని నియమించింది. ఆ విధంగా బ్రిటిషు ఇండియాలో శాసనసభలో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమె అయ్యారు. సంస్థానాలను కూడా లెక్కలోనికి తీసుకొంటే, తిరువాన్కూరులో అంతకుముందే డాక్టర్ మేరీ పూనెన్ లూకోస్ సభ్యురాలిగా నియమితులైన మాట చెప్పాలి. ఆమె కూడా వైద్యురాలే. ప్రసూతి గదిలో స్త్రీల బాధను కళ్లారా చూసినవారినే తొలి సభ్యులుగా ఎన్నుకొనడం ఆలోచింపదగిన విషయం.

సభ సెయింట్ జార్జి కోటలో సమావేశమయ్యేది. అధ్యక్షులు తెలుగువారైన సి.వి.ఎస్. నరసింహరాజు. ప్రథమ మంత్రి డాక్టర్ పి. సుబ్బరాయన్. సభ్యులు ముత్తులక్ష్మి రెడ్డిని ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొన్నారు. 98 మంది ఎన్నికైన సభ్యులు, వారికి తోడు నియమితులు, అధికారులు ఉన్న సభలో స్త్రీ ఆమె ఒక్కరే.

3. సభ్యుని చేతిలోని పనిముట్లు

ముందుకు వెళ్లేముందు కొన్ని మాటల అర్థం తెలుసుకోవాలి. ఈ మాటలు నేటికీ శాసనసభలలో వాడుకలో ఉన్నాయి.

ప్రశ్న: ప్రభుత్వం ఏమి చేసింది, ఎంత ఖర్చు పెట్టింది అని సభ్యుడు అడిగేది. మంత్రి సమాధానం సభా రికార్డులోకి ఎక్కుతుంది.

తీర్మానం: ఫలానా పని చేయవలసిందని సభ ప్రభుత్వానికి చేసే సిఫారసు. దానికి చట్టబలం లేదు. కాని సభ అభిప్రాయం ఏమిటో అది బహిరంగంగా చాటుతుంది.

బిల్లు: చట్టం ముసాయిదా. మంత్రి తెస్తే ప్రభుత్వ బిల్లు. మంత్రి కాని సభ్యుడు తెస్తే ప్రైవేటు సభ్యుని బిల్లు. సభ ఆమోదం, గవర్నరు అనుమతి పొందినప్పుడు అది చట్టం అవుతుంది.

సవరణ: ఉన్న చట్టంలో ఒక మాటనో, సెక్షనునో మార్చడం. చూడడానికి చిన్న పనిగా ఉన్నా, కొన్నిసార్లు కొత్త చట్టం కంటె ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ముత్తులక్ష్మి రెడ్డి ఈ నాలుగింటినీ వాడుకొన్నారు. ఏ సమయంలో ఏది వాడారో గమనించడమే ఈ పాఠంలోని ముఖ్యభాగం.

4. దేవదాసీ సమస్య: ఆచారానికి ఆధారం ఎక్కడ ఉన్నది?

దేవాలయానికి బాలికను సమర్పించే ఆచారం దక్షిణాదిన చాలాకాలం సాగింది. తమిళ దేశంలో మెడలో చిన్న తాళి వంటి పొట్టు కట్టేవారు. తెలుగు జిల్లాలలో ఈ వృత్తికి చెందినవారిని కళావంతులు అని, ఇతర పేర్లతోనూ పిలిచేవారు. ఈ స్త్రీలు సంగీత నాట్యాలలో పండితులు. క్షేత్రయ్య పదాలు, జావళీలు నిలిచి ఉన్నాయంటే అందులో వీరి పాలు ఎంతో ఉంది. ఆస్తిలో స్త్రీకి వాటా లేని కాలంలో ఈ కుటుంబాలలో ఆడబిడ్డకు ఆస్తి దక్కేది. చదువు కూడా అబ్బేది. కాని సమర్పించిన బాలికకు పెళ్లి లేదు. తన శరీరం మీద తనకు అధికారం లేదు. ఆలయాలకు ఆదరువు తగ్గి, జమీందారీ కొలువులు క్షీణించినకొద్దీ, పేద బాలికలను ఈ పేరుతో కొని, దత్తు తీసుకొని, వ్యభిచారంలోనికి దింపడం ఎక్కువైంది.

1927లో ముత్తులక్ష్మి రెడ్డి ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. బాలికలను దేవాలయాలకు సమర్పించడాన్ని ఆపడానికి తగిన శాసనం తేవలసిందని అది ప్రభుత్వాన్ని కోరింది. సభ దానిని అంగీకరించింది. తీర్మానంతో ఆమె ఆగి ఉంటే అది ఒక మంచి ఉపన్యాసంగా మిగిలేది.

తీర్మానం తరువాత ఆమె అడిగిన ప్రశ్న భూమిని గురించినది. ఒక కుటుంబం తన కూతురికి పొట్టు ఎందుకు కడుతున్నది? భక్తి ఒక కారణం, అలవాటు ఒక కారణం. వీటికంటె గట్టి కారణం మరొకటి ఉంది. ఆలయసేవకు ప్రతిఫలంగా ఆ కుటుంబానికి ఇనాము భూమి ఉండేది. సేవ చేసే స్త్రీ లేకపోతే ఆ భూమి చేజారిపోతుంది. కనుక తల్లి తరువాత కూతురిని, కూతురు లేకపోతే పెంచుకొన్న బిడ్డను సమర్పించక తప్పేది కాదు. ఆచారాన్ని నిషేధించి భూమిని అట్లాగే వదిలితే, ఆ ఇల్లు చట్టానికి భయపడి బిడ్డను కాపాడుకోవాలా, ఆకలికి భయపడి సమర్పించాలా అన్న సంకటంలో పడుతుంది.

ఈ ముడిని విప్పడానికి ఆమె కొత్త చట్టం కోరలేదు. ఉన్న హిందూ ధర్మాదాయ చట్టానికి సవరణ కోరారు. 1929లో ఆమోదం పొందిన ఆ సవరణ ఇనాము భూములను ఆలయసేవ అనే షరతు నుండి విడదీసింది. భూమి స్త్రీ చేతిలోనే ఉంటుంది; దానికై ఆమె గాని, ఆమె బిడ్డ గాని ఆలయంలో సేవ చేయనక్కరలేదు. భూమి పోతుందన్న భయం తొలగినచోట ఆచారానికి ఉన్న గట్టి ఊత ఒకటి కూలింది.

పౌరులు గమనించవలసిన మొదటి సంగతి ఇది. ఒక దురాచారాన్ని ఖండించడం సులభం. ఆ దురాచారం ఎవరికి అన్నం పెడుతున్నదో కనుగొని, ఆ అన్నాన్ని వేరొక దారిలో నిలబెట్టడం కష్టం. మంచి శాసనకర్త ఈ రెండవ పనిని ముందుగా చేస్తాడు.

5. ఎదుటి పక్షం మాట

ఈ శాసనానికి వ్యతిరేకత వచ్చింది. ఆలయ సంప్రదాయంలో ప్రభుత్వం జోక్యం చేసుకొనరాదని వాదించినవారు కొందరు. కళలు నశించిపోతాయని భయపడినవారు మరికొందరు. కాంగ్రెసు నాయకులైన ఎస్. సత్యమూర్తి వంటివారు కూడా ఈ శాసనాన్ని ఎదిరించారు. వీరి వాదాలకు సభలో సమాధానాలు దొరికాయి.

అంత సులభంగా సమాధానం దొరకనిది దేవదాసీలే చెప్పిన మాట. మదరాసులోని దేవదాసీలు సంఘంగా ఏర్పడి ప్రభుత్వానికి విజ్ఞాపన పంపారు. వారిలో ప్రముఖురాలు బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని తెలుగులో రచించిన రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషి ఆమె. తిరువయ్యారులో త్యాగరాజస్వామికి సమాధి మందిరం కట్టించినదీ ఆమెయే. తమ వృత్తిని వ్యభిచారంతో కలిపి చూడవద్దని, తమలో కొందరి పతనానికి అందరినీ బాధ్యులను చేయవద్దని, తమకు కావలసినది నిషేధం కాదు చదువు అని వారి వాదం.

మరొకవైపు అదే సమాజం నుండి వచ్చిన మూవలూరు రామామృతం అమ్మాళ్ ఈ ఆచారం పోవాలని ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. తెలుగునాట కళావంతుల కుటుంబాల నడుమ యామినీ పూర్ణతిలకం సంస్కరణకై పాటుపడ్డారు. కనుక దేవదాసీలందరిదీ ఒకే మాట అని ఎవరూ చెప్పలేరు.

తరువాతి చరిత్ర నాగరత్నమ్మ భయంలో కొంత నిజం ఉన్నదని చూపింది. నాట్యం ఆలయాన్ని విడిచి సభావేదిక ఎక్కింది, గౌరవం పొందింది. కాని దానిని తరతరాలుగా కాపాడిన కుటుంబాలలో అనేకులకు ఆ వేదికపై చోటు దొరకలేదు. తమ విద్యను చెప్పుకోవడానికి సంకోచించి మౌనంగా బ్రతికినవారు ఎందరో. బాలికను సమర్పించడాన్ని ఆపడం న్యాయమే. ఒక బిడ్డ జీవితాన్ని ఆమె అనుమతి లేకుండా ఎవరూ నిర్ణయించరాదు. అయితే, ఆపిన చేతితోనే ఆ స్త్రీల కళకు, వృత్తికి, గౌరవానికి తగిన ఏర్పాటు కూడా చేయవలసి ఉండింది. శాసనం ఎవరిని గురించినదో వారి గొంతు సభలో వినబడనప్పుడు ఇటువంటి లోపం మిగిలిపోతుంది. ఆనాటి సభలో దేవదాసీ ప్రతినిధి ఎవరూ లేరు. విజ్ఞాపన పత్రమే వారికి ఉన్న ఏకైక దారి. రెండు పక్షాల వాదాలను పక్కపక్కన ఉంచి చదివితేగాని ఈ శాసన చరిత్ర పూర్తిగా అర్థం కాదు.

6. సభలో ఇతర కృషి

దేవదాసీ శాసనం ఒక్కటే ఆమె పని కాదు. 1928లో బాలికల వివాహవయస్సును 16కు, బాలుర వివాహవయస్సును 21కి పెంచవలసిందని తీర్మానం తెచ్చారు. చిన్నవయస్సులో తల్లులై ప్రసవంలో మరణించే బాలికలను ఆమె వైద్యురాలిగా ఎరుగుదురు. ఇదే సమయంలో కేంద్ర సభలో నడిచిన చర్చ 1929 నాటి శారదా చట్టానికి దారితీసింది. ఆ చట్టం బాలికలకు 14, బాలురకు 18 సంవత్సరాలను కనీస వయస్సుగా నిర్ణయించింది. ఆమె కోరినంత రాలేదు. కాని దేశంలో ఆ దిశగా పడిన పెద్ద అడుగు అది.

పాఠశాలలలో పిల్లలకు వైద్యపరీక్ష జరగాలని, పేద బాలికలకు చదువుఫీజులో రాయితీ కావాలని, స్త్రీ శిశువులకు ప్రత్యేక వైద్యశాల ఉండాలని ఆమె సభలో కోరారు. ఈ కోరిక ఫలితంగా ప్రసూతి వైద్యశాలలో పిల్లల విభాగం ఏర్పడింది. స్థానిక సంస్థలలో స్త్రీలకు చోటు ఉండాలని వాదించారు. దేశంలో విద్యాస్థితిని పరిశీలించిన హార్టాగ్ సంఘంలో ఏకైక మహిళా సభ్యురాలిగా పనిచేశారు.

ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే ఒక క్రమం కనబడుతుంది. ద్వంద్వ పాలనలో మంత్రుల చేతికి వచ్చిన విషయాలు విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన. సభ మాట చెల్లేది ఆ విషయాలలోనే. తన బలం ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకొని అక్కడే ఆమె పట్టు బిగించారు.

7. రాజీనామా, ఆగిన బిల్లు

1930 ఆరంభంలో సమర్పణను పూర్తిగా నిషేధించే బిల్లును ఆమె సభ ముందుంచారు. ఆ బిల్లుపై ప్రజాభిప్రాయం సేకరిస్తున్న కాలంలోనే ఉప్పు సత్యాగ్రహం సాగింది. మే 5న గాంధీజీని అరెస్టు చేశారు. అందుకు నిరసనగా ముత్తులక్ష్మి రెడ్డి శాసన మండలి సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు.

ఇది తేలికగా తీసుకొన్న నిర్ణయం అయి ఉండదు. సభలో ఉంటే బిల్లును ముందుకు నడపవచ్చు. ప్రభుత్వం నియమించిన సభ్యురాలిగానే కొనసాగితే, జాతీయోద్యమాన్ని అణచివేస్తున్న ఆ ప్రభుత్వానికి తోడు నిలిచినట్లు అవుతుంది. ఆమె రెండవదానిని సహించలేకపోయారు. బిల్లుకు సభలో దిక్కు లేకపోయింది. అదే సంవత్సరం ఆమె తన సభా జీవితాన్ని వివరిస్తూ, శాసనసభ్యురాలిగా నా అనుభవం అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో ఒక పుస్తకం ప్రకటించారు. పదవిలో తాను చేసిన పనిని ప్రజలకు లెక్క చెప్పడం బాధ్యత అని భావించినవారు మాత్రమే అటువంటి పుస్తకం వ్రాస్తారు.

ఈలోగా ఇతర ప్రాంతాలు కొంత ముందుకు వెళ్లాయి. మైసూరు సంస్థానం అంతకుముందే, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, తన అధీనంలోని ఆలయాలలో ఈ సేవను ఆపివేసింది. బొంబాయి రాష్ట్రం 1934లో చట్టం చేసింది. మదరాసులో మాత్రం స్వాతంత్ర్యం వచ్చేవరకు వేచి ఉండవలసి వచ్చింది. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వకాలంలో, 1947లో దేవదాసీ సమర్పణ నిరోధక చట్టం ఆమోదం పొందింది. ఆ చట్టం సమర్పణను శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది. అంతకుముందు సమర్పితురాలైన స్త్రీ చేసుకొనే వివాహం చెల్లుతుందని స్పష్టం చేసింది. 1927 నాటి తీర్మానానికి, ఈ చట్టానికి నడుమ 20 సంవత్సరాలు గడిచాయి. ఆ 20 సంవత్సరాలలో పుట్టి పెరిగిన బాలికలకు ఆలస్యం అన్నది పత్రికలో చదివే మాట కాదు, తమ బ్రతుకు.

8. సభ వెలుపల

సభను విడిచిన కాలంలోనే ఆమె తన రెండవ పని ప్రారంభించారు. దేవదాసీ వృత్తినుండి బయటపడాలని కోరుకొన్న బాలికలు ఆశ్రయం కోసం ఆమె ఇంటికి వచ్చారు. వారిని చేర్చుకొనే వసతిగృహం ఏదీ దొరకని స్థితిలో ఆమె తన ఇంటనే చోటిచ్చారు. అదే అవ్వై ఇల్లంగా రూపొంది, తరువాత అడయారుకు మారి, నేటికీ బాలికలకు చదువు, నీడ ఇస్తున్నది. వద్దు అని చెప్పే చట్టానికి, రా అని పిలిచే ఇల్లు తోడు కావాలని ఆమెకు తెలుసు.

చెల్లెలు కేన్సరు వ్యాధితో మరణించడం ఆమె మనస్సులో నిలిచిపోయింది. ఆ వ్యాధికి ప్రత్యేక వైద్యశాల కావాలని అనేక సంవత్సరాలు పాటుపడ్డారు. 1952లో అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954లో 12 పడకలతో వైద్యం ప్రారంభమైంది. చికిత్సకై ఆంధ్రప్రదేశ్ నుండి, ముఖ్యంగా నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల నుండి వచ్చే తెలుగువారికి ఈ సంస్థ పేరు సుపరిచితం.

మన నగర కార్పొరేషన్‌లో ఆల్డర్‌మన్‌గా కూడా ఆమె సేవ చేశారు. 1956లో పద్మభూషణ్ పురస్కారం అందుకొన్నారు. 1968 జూలై 22న కన్నుమూశారు. పేద గర్భవతులకు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే ప్రసూతి సహాయ పథకం నేడు ఆమె పేరుతోనే నడుస్తున్నది. మన పట్టణ ఆరోగ్య కేంద్రాలలో ఈ పథకానికై పేరు నమోదు చేసుకొనే తెలుగు కుటుంబాలు ఆ పేరు ఎవరిదో తెలుసుకొని ఉండడం మంచిది.

9. నేటికి మిగిలిన పని

చట్టంతో ఆచారం పూర్తిగా అంతరించలేదు. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు ప్రాంతంలో మాతమ్మ అనే పేర్లతో పేద దళిత కుటుంబాల బాలికలను దేవతకు వదిలే పద్ధతి ఆ తరువాత కూడా కొనసాగింది. అందుకే కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో కొత్త చట్టాలు చేయవలసి వచ్చింది. పేరు మారినా మూలం ఒక్కటే. భూమి లేని ఇల్లు, బడికి పోని బిడ్డ, ఆచారాన్ని అడ్డుగా పెట్టుకొన్న బలవంతుడు ఉన్నచోట అది మళ్లీ తల ఎత్తుతుంది.

స్త్రీల ప్రాతినిధ్యం విషయంలో మాత్రం మార్పు స్పష్టంగా ఉంది. 1927లో సభ మొత్తానికి ఒకే స్త్రీ, అదీ నియమితురాలు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలలో స్త్రీలకు మూడవ వంతు స్థానాలు తప్పనిసరి చేసింది. తమిళనాడు 2016లో దానిని సగానికి పెంచింది. 200 వార్డులు గల మన కార్పొరేషన్‌లో నేడు సగం స్థానాలు స్త్రీలవి. స్థానం దొరికిన తరువాత దానిని ఎట్లా వాడాలో ముత్తులక్ష్మి రెడ్డి జీవితం చూపుతుంది.

10. పౌరుడు నేర్చుకొనవలసినవి

ఈ చరిత్ర నుండి మన ప్రతినిధుల పనిని కొలవడానికి కొన్ని ప్రమాణాలు దొరుకుతాయి.

మొదటిది: సభ్యుడు ఒక సమస్యపై ఎంత గట్టిగా మాట్లాడాడని కాక, ఆ సమస్యను నిలబెడుతున్న ఆధారాన్ని గుర్తించాడా అని చూడాలి. ఇనాము భూమి సవరణ ఇందుకు ఉదాహరణ.

రెండవది: శాసనం ఎవరిని గురించినదో వారి మాట విన్నాడా అని అడగాలి. నాగరత్నమ్మ విజ్ఞాపన ఈ ప్రశ్నను మన ముందు ఉంచుతుంది.

మూడవది: చట్టం వచ్చిన మరునాడు బాధితులు ఎక్కడికి వెళ్లాలో ఏర్పాటు ఉన్నదా అని చూడాలి. అవ్వై ఇల్లం చూపిన దారి ఇది.

నాలుగవది: ఆగిపోయిన బిల్లులను పౌరులు గుర్తుపెట్టుకోవాలి. నేటి రాజ్యాంగం ప్రకారం శాసనసభ రద్దయితే సభలో మిగిలి ఉన్న బిల్లులు కూడా రద్దవుతాయి. సభ్యుడు మారవచ్చు, ప్రభుత్వం మారవచ్చు. సమస్య మాత్రం గడువు చూసుకొని పోదు. దానిని మళ్లీ సభ ముందుకు తెప్పించవలసిన బాధ్యత ఓటు వేసినవారిది.

అభ్యాసం

1. తీర్మానానికి, బిల్లుకు గల భేదమేమి? ముత్తులక్ష్మి రెడ్డి సభాకృషి నుండి ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.

2. 1929 నాటి సవరణ ఇనాము భూమి విషయంలో ఏ మార్పు చేసింది? నిషేధానికి ముందుగా ఆ మార్పు ఎందుకు అవసరమైంది?

3. దేవదాసీల సంఘం వాదంలో మీకు న్యాయంగా తోచిన అంశమేది, తోచని అంశమేది? కారణాలు వ్రాయండి.

4. బిల్లు సభ ముందు ఉండగా ఆమె రాజీనామా ఇవ్వడం సమంజసమేనా? రెండు పక్షాలనుండి చర్చించండి.

5. మీ వార్డులోని ఒక సమస్యను ఎన్నుకొనండి. దానిని నిలబెడుతున్న ఆధారమేమో ఇంటిలోని పెద్దలతో, ఇరుగుపొరుగువారితో మాట్లాడి తెలుసుకొనండి. ఆ విషయం కార్పొరేషన్ పరిధిలోనిదా, రాష్ట్ర శాసనసభ పరిధిలోనిదా నిర్ణయించి, సంబంధిత ప్రతినిధికి ఒక పుటకు మించకుండా విజ్ఞాపన వ్రాయండి. విజ్ఞాపనను తెలుగులో వ్రాసి, దానికి తమిళ అనువాదం జతపరచండి.